చేతులు కాలిన తరువాత

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు అను సామెత తెలుగువారి ఇండ్లలో తరచుగా వినబడునదే. సమయము మించిన పిమ్మట మేల్కొనువానిని పరిహసించుటకు పెద్దలు దీనిని వాడుదురు. ఆ పరిహాసము న్యాయమే. కాని కాలిన చేతికి పనికిరాని ఆకు, రేపు అదే పొయ్యి కడకు పోవు మరియొక చేతికి కూడ పనికిరాదా? ఈ ప్రశ్నను సామెత చెప్పినవారు అడుగలేదు. గోదావరి తీరవాసులు మాత్రము అడుగవలసియున్నది.

2019వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేది ఆదివారమున, పాపికొండలు చూడ వేడుకపడి బయలుదేరిన యాత్రికులతో ఒక పెద్ద పడవ, ఆనాటి తూర్పు గోదావరి జిల్లాలోని దేవీపట్నము మండలమున కచ్చులూరు కడకు చేరెను. గోదావరి వరదమీద నుండెను. కొండల నడుమ నది ఇరుకై వంపు తిరుగు ఆ తావున నీరు సుడులు చుట్టును. ఎదురు ప్రవాహమున పోవుచున్న పడవ అచ్చట ఒరిగి మునిగిపోయెను. డెబ్బదిమందికి పైగా ఎక్కిన ఆ పడవ నుండి 26 మంది మాత్రమే ప్రాణములతో బయటపడిరి. తీరమునందలి గిరిజన గ్రామస్థులు తమ చిన్న పడవలను వేసికొని వచ్చి వారిని గట్టు చేర్చిరి. ఏ శిక్షణయు, ఏ ఉద్యోగమును లేని ఆ గ్రామస్థుల పేర్లు ఎన్ని పాఠ్యపుస్తకములలో వ్రాసినను తక్కువయే.

మునిగిన పడవ సుమారు 200 అడుగుల లోతున నిలిచెను. నీటిలో 33 అడుగులు దిగిన కొలది మనిషిపై ఒక వాతావరణపు పీడనము అదనముగా పడును. కావున ఆ లోతున పీడనము గట్టుపై నున్నదానికి ఏడింతలగును. అంత లోతున మామూలు గాలిని పీల్చినచో అందలి నత్రజని మత్తు కలిగించును. త్వరపడి పైకి వచ్చినచో ఆ వాయువే నెత్తుటిలో బుడగలై ప్రాణము తీయగలదు. పైగా వరదనీరు ఎర్రని బురద. చేయి చాచిన చేయి కనబడదు. నౌకాదళము వారు యంత్రములతో వెదకిరి. చివరకు కాకినాడకు చెందిన ధర్మాడి సత్యము బృందము లంగరులు, ఇనుప మోకులు వేసి, గాలింపు మీద గాలింపు జరిపి, గజ ఈతగాండ్ర సాయముతో 38వ దినమున, అనగా అక్టోబరు 22న, పడవను ఒడ్డునకు లాగెను.

అంతటితో దేశము నిట్టూర్చి, వేరు వార్తలలో మునిగెను.

నీటిక్రింద గుహలలో ఈదు సాహసికులు ప్రపంచమున కొందరు కలరు. అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున ఇట్టి గుహలు అనేకములు. అచ్చట 1960, 70ల నాటి సంవత్సరములలో ఎందరో యువకులు లోపలికి పోయి తిరిగి రాలేదు. విచిత్రమేమనగా, మృతులలో సముద్రమున ఈత నేర్పు గురువులును ఉండిరి. వారికి ఈత రాక కాదు; తలపై కప్పు ఉన్న నీరు వేరు, ఆకాశము ఉన్న నీరు వేరు అని వారికి తెలియదు. షెక్ ఎక్స్‌లీ అను ఒక గణితోపాధ్యాయుడు, తానును గుహలలో ఈదువాడే, జరిగిన ప్రమాదములను ఒక్కొక్కటిగా విచారించి 1979లో ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. ఒక ప్రమాదమును వర్ణించుట, దానినుండి ఒక నియమమును తీయుట, ఇదియే దాని పద్ధతి. గుహద్వారము నుండి లోపలివరకు తెగని దారము పరచుకొనుము. ఉన్న గాలిలో మూడవవంతు మాత్రమే లోనికి పోవుటకు వాడి, తక్కిన రెండు వంతులు తిరుగు ప్రయాణమునకు ఉంచుకొనుము. లోతునకు హద్దు పెట్టుకొనుము. ఇట్టివి ఆ నియమములు. ఎక్స్‌లీ తానే 1994లో మెక్సికో దేశపు ఒక మహాబిలములో మరణించెను. అతని మిత్రులు ఆ మరణమును సైతము దాచక, కొలతలతో సహా చర్చించిరి. మృతుని నిందించుట వారి ఉద్దేశము కాదు. లెక్కల మాస్టరు మరణమునకు అంతకు మించిన మర్యాద ఏమి కలదు?

గుహల మాట గోదావరికేల అని కొందరు అనవచ్చును. 2018 మే 15న ఆ దేవీపట్నము మండలములోనే మంటూరు కడ జరిగినది చూడుడు. గాలివాన రాగా, తడియకుండుటకై లాంచీలోనివారు తలుపులు, కిటికీలు మూసికొనిరని బ్రతికినవారు చెప్పిరి. వానకు తలుపు మూయుట ఇంటిలో ఎవరైనను చేయు పనియే. అందు తప్పు వెదకుట కఠినము. కాని గాలికి లాంచీ ఒరిగిన క్షణమున ఆ మూసిన గది నీటిగుహ అయినది. ఈత వచ్చినవానికిని రానివానికిని భేదము పోయినది. ఈ ఒక్క సంగతి ప్రతి సరంగునకు, ప్రతి ప్రయాణికునకు కంఠస్థము కావలసినది. అయినదా?

2017 నవంబరు 12న కృష్ణానదిపై ఇబ్రహీంపట్నము కడ అనుమతి లేని పడవ బోల్తాపడెను. మరుసటి వేసవిలో మంటూరు. జూలై 14న పశువుల్లంక. పిమ్మట కచ్చులూరు. రెండేండ్లు నిండక మునుపే నాలుగు! ప్రతిసారియు ముందుగా వచ్చు ప్రశ్న "తప్పెవరిది?" అనునది. నేరస్థుని శిక్షించుట అవసరమే; అది న్యాయస్థానముల పని. కాని శిక్షయే విచారణకు ఏకైక ప్రయోజనమైనచో, ఎరిగినవాడు నోరు మూసికొనును. పడవ ఏ గడియకు బయలుదేరెను, నీటిమట్టమెంత, రక్షణ అంగీలు ఒంటిమీద నుండెనా లేక ఎక్కువచోట్ల కనబడునట్లు బల్లలపై దిండ్లుగా నుండెనా, ఇవన్నియు ఫైళ్లలో అణగిపోవును. కచ్చులూరు తరువాత పడవలు కొంతకాలము నిలిచినవి; రేవులలో తనిఖీకై కంట్రోల్ రూములు పెట్ట ప్రభుత్వము పూనుకొన్నది. మెచ్చదగినదే. అయినను తనిఖీ చేయువాడు చూచునది కాగితము. ఎక్కువాడు చూడవలసినది పడవ. జరిగిన ప్రమాదపు కథను సరళమైన తెలుగులో అచ్చువేసి, అది జరిగిన రేవుననే బల్లకట్టి పెట్టుట అసాధ్యమా? ఆప్తులను కోల్పోయినవారికి అది పుండుపై కారమగునని కొందరందురు. వారిని అడిగి చూచినగదా తెలియును.

పాపికొండలకు పోవువాడు పోకయు ఉండవచ్చును. పశువుల్లంక రేవున పడవ ఎక్కిన బాలికలకు ఆ వెసులుబాటు లేదు. బడికి పోయి ఇంటికి తిరిగివచ్చుచున్న పిల్లలు వారు. వృద్ధగౌతమి పాయ నిండుగా పారుచుండెను. లంకలవారి పడవకష్టము తీర్చుటకై అచ్చట ఒక వంతెన కట్టబడుచుండెను. పడవ ఆ వంతెన స్తంభమునకే తగిలి బోల్తాపడెను. కొందరు బాలికలు ఇల్లు చేరలేదు. వంతెన పూర్తికాని ఆనాడు లంకలలోని పిల్లలకు పడవయే బడిత్రోవ.