టీవీకి కోయ రాదు, మరి సార్‌కి?



ఏజెన్సీ ప్రైమరీ బడిలో స్మార్ట్ టీవీ బిగించగానే మన పిల్లల చదువు మారిపోయినట్టు ఫొటోలు తిరుగుతున్నాయి. మనవాళ్లే కొందరు షేర్ చేసి "కార్పొరేట్ స్కూల్‌కి ఏం తక్కువ" అని రాశారు. హాస్టల్లో మేం నలుగురం కూర్చుని మాట్లాడుకుని ఇది రాస్తున్నాం. కోపంగానే రాస్తున్నాం.

ఒకటో తరగతి కోయ పిల్లకి నీళ్ల గ్లాసు బొమ్మ చూపిస్తే "ఏరు" అంటది. మన భాషలో ఏరు అంటే నీళ్లే. తెలుగులో ఏరు అంటే వాగు. కోయ తెలిసిన టీచరమ్మ అయితే నవ్వి, "అవునే, ఏరే. తెలుగులో నీళ్లు అంటారు" అని చెప్తది. పిల్లకి ఒక్క నిమిషంలో రెండు భాషలు అందుతాయి. టీవీ ఆగదు. "నీరు, వాటర్" అని తర్వాతి బొమ్మకి పోతది. తను చెప్పింది తప్పనుకుని పిల్ల ఊరుకుంటది. రెండేళ్లు అట్లా ఊరుకున్న పిల్ల ఇంక నోరు తెరవదు. అప్పుడు "ట్రైబల్ పిల్లలు స్లో" అంటారు.

2020 గుర్తు చేసుకోండి. షెడ్యూల్డ్ ఏరియాలో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అన్న జీవో 3ని ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. జూలైలో కొత్త విద్యా విధానం వచ్చి, వీలైనచోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పాలంది. ఆ లాక్‌డౌన్‌లోనే పాఠాలు టీవీకి ఎక్కాయి. ఇంటి భాష వచ్చిన టీచర్ వచ్చే దారి మూసి, ఇంటి భాషలో చెప్పమని కాగితం మీద రాసి, చివరికి చేతికి టీవీ ఇచ్చారు.

మన భాషల్లో పుస్తకాలే లేవు, ఏం చేస్తాం అంటారు. ఉమ్మడి రాష్ట్రంలోనే కోయ, గోండి, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా, మొత్తం 8 భాషల్లో చిన్న తరగతులకి పుస్తకాలు వేశారు. ఆగస్టు 29న హాస్టల్లో గిడుగు రామమూర్తి ఫొటోకి దండ వేయించి తెలుగు మీద వ్యాసం రాయిస్తారు కదా. ఆయన సవర నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే పుస్తకాలు రాసి, బడులు నడిపాడని ఆ రోజు ఎవరూ చెప్పరు. వందేళ్ల కిందటే ఒక బయటి మనిషికి తెలిసిన సంగతి ఇది.

"అయితే మీకు డిజిటల్ వద్దా?" అని అడిగే అన్నలకి. మేం యూట్యూబ్ పాఠాలు విని సెమిస్టర్లు గట్టెక్కుతున్నాం. కానీ మాకు ఇరవై ఏళ్లు, తెలుగొచ్చు, అర్థం కాకపోతే ఆపి వెనక్కి జరుపుకుంటాం. ఆరేళ్ల పిల్ల చేతిలో రిమోట్ ఉండదు. గుంజాల గోండి లిపి 2018లోనే యూనికోడ్‌లోకి ఎక్కింది, ఫోన్‌లో రాసుకోవచ్చు. అంటే టెక్నాలజీ మన భాషని మోయగలదు, మోయించట్లేదు అంతే. మన అవ్వ చెప్పే కథ, రేల పాట ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి అదే టీవీకి పెట్టడానికి ఎంత ఖర్చు?

ఇంకో మాట. ఒక్క సారే ఉన్న బడిలో ఆయన హాజరు యాప్‌లో వేయాలి, భోజనం ఫొటో పెట్టాలి. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కితే క్లాసులో ఎవరుంటారు? టీవీ ఉంటది, కరెంటు ఉంటే.

ఐటీడీఏ గ్రీవెన్స్‌లో ఇవ్వడానికి వినతిపత్రం రాస్తున్నాం. ఒకటి నుంచి మూడు తరగతులకి పిల్లల భాష వచ్చిన మనిషి ముందు కావాలి, కనీసం మన గూడెం నుంచే ఒక విద్యా వలంటీర్. ఆ తర్వాత మన భాషలో పాఠాలున్న టీవీ. సెలవులకి ఊరెళ్లినప్పుడు మీ బడికి పోయి చూడండి. ఎంతమంది పిల్లలు, ఇంట్లో ఏ భాష, సార్‌కి ఆ భాష వచ్చా రాదా, టీవీ నెలలో ఎన్నిరోజులు ఆన్ అయింది, రాసుకుని తీసుకురండి. సార్ పేరు మాత్రం రాయొద్దు, ఇది ఆయన మీద కంప్లైంట్ కాదు.