ఆల్బంలో తెలుగు పాట ఎన్నోది?

‘ఫస్ట్ సింగిల్’ అనే మాట మన ఇళ్లకు సినిమా ప్రచారం వల్లే అలవాటైంది. ‘ఆర్ఆర్ఆర్’ నుంచి 2021 ఆగస్టులో ముందుగా బయటికొచ్చింది ‘దోస్తీ’. ‘నాటు నాటు’ నవంబరు దాకా ఆగింది. సినిమాకు ఈ వరుస కాస్త అటూ ఇటూ అయినా పెద్ద నష్టం లేదు. థియేటర్లో కూర్చున్నవాళ్లు ఎలాగూ అన్ని పాటలూ వింటారు. సినిమా అండ లేని రాక్ బ్యాండుకు ఆ వీలు లేదు. ఎనిమిది పాటల ఆల్బంలో ఏ రెండు మూడు పాటలను ముందు నిలబెడితే జనం దృష్టిలో ఆ బ్యాండు అంటే అవే.

బెంగళూరు, చెన్నై, హోసూరు, బరంపురం, షోలాపూరు... మన పిల్లలు గిటారు, డ్రమ్స్ పట్టుకున్న ప్రతిచోటా ఈ లెక్క మనకూ సంబంధించినదే. ఆల్బంలో పాటలన్నీ కన్నడంలోనో తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉండి, ఇంటి భాషలో ఒక్కటే ఉంటే అది ఎనిమిదో పాటగా మిగిలిపోవడం చాలా సులువు.

ఎంపిక ఎంత పని చేస్తుందో చూడాలంటే బ్రిటన్ బ్యాండు డెఫ్ లెపర్డ్ కథ చాలు. 1987 ఆగస్టులో వాళ్ల ‘హిస్టీరియా’ వచ్చింది. మొత్తం 12 పాటలు. అమెరికాలో మొదటి సింగిల్‌గా ‘విమెన్’ను పంపారు. హార్డ్ రాక్ వినేవాళ్లు చేజారకూడదన్నది అప్పటి ఆలోచన. బిల్‌బోర్డ్ పట్టికలో అది 80వ స్థానం దాటలేదు. అదే ఆల్బంలోని ‘పోర్ సమ్ షుగర్ ఆన్ మీ’ 1988లో సింగిల్‌గా వెళ్లి రెండో స్థానానికి ఎక్కింది. ఆల్బం అమెరికాలో మొదటి స్థానం చూసిందీ అప్పుడే, అంటే విడుదలైన దాదాపు ఏడాదికి. పాటలు అవే, వాయించినవాళ్లూ వాళ్లే. ముందు నిలిచిన పాట మారింది. ఏడాది ఓపిక పట్టే స్తోమత ఆ కంపెనీకి ఉంది. స్టూడియో అద్దెకు చీటీ పాడుకున్న కుర్రాళ్లకు ఉండదు.

అసలు సింగిలే వదలకుండా నెగ్గినవాళ్లూ ఉన్నారు. లెడ్ జెప్లిన్ 1971 నాటి తన ‘స్టెయిర్‌వే టు హెవెన్’ను అమెరికా దుకాణాల్లో విడిగా అమ్మలేదు. కావాలంటే ఆల్బం మొత్తం కొనాల్సిందే. డిస్కు కొనే కాలంలో ఆ బింకం చెల్లింది.

ఇప్పటి లెక్క వేరు. స్పాటిఫైలో ఒక పాట విన్నట్టు నమోదు కావాలంటే అది కనీసం 30 సెకన్లు మోగాలి. 2024 నుంచి ఇంకో నిబంధన వచ్చింది: గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినబడని పాటకు రికార్డింగు రాయల్టీ జమ కాదు. ఎంతమంది విన్నారన్నదానికీ ఒక కనీస పరిమితి పెట్టారు కాబట్టి తాతగారొక్కరే ఫోను పక్కన పెట్టుకుని రాత్రంతా తిప్పినా లాభం లేదు. ఈ లెక్క ఆల్బం మొత్తానికి కాదు, ఏ పాటకు ఆ పాటకే. మొదటి పాట లక్షసార్లు మోగినా ఎనిమిదోదాని ఖాతా దానిదే.

ఇంకా విడుదల కాని పాటల్లో ఒకసారికి ఒక్కదాన్నే ప్లేలిస్టులు కూర్చే బృందం పరిశీలనకు పంపనిస్తారు. ఎనిమిదీ ఒకే రోజు వదిలితే ఒక్క అవకాశం. నాలుగు విడతలుగా వదిలితే నాలుగు. ఢిల్లీ బ్యాండు ఇండియన్ ఓషన్ 2010లోనే ‘16/330 ఖజూర్ రోడ్’ పాటలను నెలకొకటి చొప్పున ఉచితంగా ఇచ్చింది. ప్రతి పాటకూ తనదంటూ ఒక నెల దక్కింది. కొత్త బ్యాండ్లకు మేము చూపించేది ఈ దారినే.

మరి తెలుగు పాట ఎన్నోది కావాలి? అభిమానం కొద్దీ దాన్నే మొదట వదలమని మేము అనం. కాలేజీ వేదిక మీద పాడినప్పుడు ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు తలెత్తిన పాట ఏదో, అదే మొదటిది. తెలుగు పాట రెండోదో మూడోదో కావాలి, అంతకంటే వెనక్కి పోకూడదు. సొంత రాష్ట్రంలో కొత్త బ్యాండు ఎలాగూ పోటీ పడక తప్పదు. తెలుగు పాట ఒక్కటి ఉంటే ఆంధ్ర, తెలంగాణ శ్రోతల తలుపు కూడా తట్టవచ్చు. వివరాలు నింపేటప్పుడు పాట భాష అడిగే గడిలో తెలుగు అనే రాయాలి. మిగతా ఆల్బం కన్నడం కదా అని దీనికీ అదే రాస్తే పాట వెళ్లాల్సిన చోటికి వెళ్లదు.

ఇక్కడ ఉంటూ తెలుగు పాట వదిలితే నలుగురూ ఏమనుకుంటారో అన్న జంకు కొన్ని ఇళ్లలో ఉంది. బెంగళూరు బ్యాండు అగం 2017 నాటి ‘ఎ డ్రీమ్ టు రిమెంబర్’ ఆల్బంలో త్యాగరాజు ‘మనవ్యాలకించరాదటే’ను రాక్ వాయిద్యాలతో వినిపించింది. నళినకాంతి రాగం, తెలుగు మాట, బెంగళూరు గిటారు. ఆ కృతి కట్టినాయన తిరువారూరులో పుట్టారు. తమిళ నేల మీద తెలుగు ఇల్లు ఆయనది, మన ఇళ్లలాంటిదే. జంకేవాళ్లకు ఈ పాట వినిపిస్తే సరి.

ఆలాపనతో మొదలయ్యే పాటకు మాత్రం సింగిల్ కోసం ఒక పొట్టి రూపం చేయడం మేలు, పూర్తిది ఆల్బంలో ఉంటుంది. 1975లో క్వీన్ దాదాపు ఆరు నిమిషాల ‘బొహీమియన్ రాప్సడీ’ని కత్తిరించకుండా వదిలి, బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది, నిజమే. అది క్వీన్.

ఇక వినేవాళ్ల పని. మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో పాట ఫైలునే పంపుకునే అలవాటు ఎక్కువ. ఆ ఫైలు ఎంతమంది విన్నా బ్యాండు ఖాతాలో ఒక్కటీ పడదు. పంపాల్సింది లింకు. విడుదల తేదీ కూడా సరిగ్గా ఉగాది నాడే పెట్టుకోనక్కర్లేదు. ఆ రోజు సినిమా వాళ్ల పోస్టర్లు, పాటల హడావుడిలో చిన్న బ్యాండు కనబడదు. పది పదిహేను రోజుల ముందు వదిలితే, ఉగాది సభలో మన పిల్లలు ఆ పాట అందుకునేసరికి ముందు వరుసలోవాళ్లకైనా పల్లవి వచ్చి ఉంటుంది.