కలానికి వెల ఉండవచ్చు, లిపికి ఉండకూడదు

1995లో వచ్చిన ‘టాయ్ స్టోరీ’ మొత్తం కంప్యూటర్‌తోనే తయారైన మొదటి పూర్తి నిడివి చలనచిత్రం. తెరమీద మనం చూసే ఆ దృశ్యాలను ఎవరూ కుంచెతో గీయలేదు. మరి కంప్యూటర్ వాటిని ఎలా గీసింది?

బల్లమీద ఒక బంతి ఉందనుకోండి. బంతి కేంద్రం నిరూపకాలు ఏమిటి, వ్యాసార్థం ఎంత, రంగేమిటి, నునుపా గరుకా, దీపం ఎక్కడుంది, కెమెరా ఎటు చూస్తోంది? ఇవన్నీ రాసిపెట్టిన దాన్ని దృశ్య వివరణ ఫైలు అంటారు. రెండరర్ అనే ప్రోగ్రాము ఈ ఫైలును చదువుతుంది. మీరు చదువుకునే పరావర్తన, వక్రీభవన సూత్రాలతోనే లెక్కలు కట్టి, పిక్సెల్ అనే ఒక్కొక్క చుక్కకూ రంగు నిర్ణయిస్తుంది.

ఇందులో ఫైలు రాసే పద్ధతి లిపి వంటిది. దాన్ని రాసే ప్రోగ్రాము కలం వంటిది, చదివే ప్రోగ్రాము కళ్లజోడు వంటిది. కలానికీ, కళ్లజోడుకూ వెల అడగడంలో తప్పులేదు. వాటి వెనుక ఎందరిదో శ్రమ ఉంది. కాని ‘అ’ రాయడానికి ఒక కంపెనీ అనుమతి కావాలంటే ఊరుకుంటామా? కొన్ని ప్రోగ్రాముల ఫైలు పద్ధతి బయటివారికి తెలియదు. లైసెన్సు గడువు తీరినా, కంపెనీ మూతపడినా, మీరు నెలల తరబడి చేసిన బొమ్మ మీ దగ్గరే ఉంటుంది, కాని తెరుచుకోదు.

కంపెనీలు మూతపడవా? నెదర్లాండ్స్‌లో బ్లెండర్ అనే ప్రోగ్రామును తయారుచేసే కంపెనీ 2002లో మూతపడింది. దాని సృష్టికర్త టాన్ రోసెండాల్ ప్రజలను చందాలు అడిగారు. ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగయ్యాయి. ఆ సొమ్ముతో హక్కులు కొని, అదే ఏడాది అక్టోబరులో సోర్స్ కోడ్‌ను జి.పి.ఎల్. అనే లైసెన్సు కింద అందరికీ ఇచ్చారు. లాత్వియా దర్శకుడు బ్లెండర్‌తో తీసిన ‘ఫ్లో’ చిత్రానికి 2025లో ఆస్కార్ వచ్చింది!

“రహస్యం లేకపోతే కంపెనీకి లాభమెలా?” అని మీరు అడగవచ్చు. ‘టాయ్ స్టోరీ’ తీసిన పిక్సార్‌నే చూడండి. దృశ్యాన్ని రెండరర్‌కు ఎలా వివరించాలో చెప్పే రెండర్‌మాన్ నియమాలను 1988లోనే ప్రచురించింది. 2016లో యు.ఎస్.డి. అనే దృశ్య వివరణ పద్ధతిని సోర్స్ కోడ్‌తో సహా బయటపెట్టింది. అయినా తన రెండరర్‌ను అమ్ముకోవడం మానలేదు. లిపిని పంచింది, కళ్లజోడు అమ్ముకుంది. ఇదే సరైన దారి అని నా అభిప్రాయం.

అయితే ఒక్క మాట. ఉచితం అంటే షరతులు లేవని కాదు. జి.పి.ఎల్. ప్రోగ్రామును మార్చి ఇతరులకు పంచితే, మార్చిన సోర్స్ కోడ్‌ను కూడా వారికి అందుబాటులో ఉంచాలి. ఇతరులు చేసిన బొమ్మను మీ దృశ్యంలో పెట్టేముందు దాని లైసెన్సు చదవాలి.

బడిలో కంప్యూటర్ ప్రాజెక్టు మొదలుపెట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ ఫైలును మరో ప్రోగ్రాము తెరవగలదా? దాని పద్ధతి ప్రచురితమైందా? లైసెన్సు ఎన్నాళ్లు? జవాబులు నచ్చకపోతే, యు.ఎస్.డి. వంటి పద్ధతిలో మరో ప్రతి దాచుకోండి. పావ్‌రే అనే ఉచిత రెండరర్ ఉంది. దాని దృశ్య ఫైలు ఉత్త అక్షరాలూ అంకెలే. నోట్‌ప్యాడ్‌లో రాసుకోవచ్చు. ఒక గోళం, ఒక దీపం, ఒక కెమెరాతో మొదలుపెట్టండి. దీపం నిరూపకాలు మార్చితే నీడ ఎటు జరుగుతుందో ముందుగా కాగితంమీద ఊహించి, తర్వాత తెరమీద సరిచూసుకోండి.