మదీనా నక్షాలో నల్ల నేల

సీరత్ దర్స్ జరిగే చోట గోడకి ఒక నక్షా ఎందుకు ఉండదు? ఖందక్ బయాన్ ఎంత బాగా సాగినా పిల్లల సవాల్ ఒకటే: కందకం శహర్ చుట్టూ కాకుండా ఉత్తరం వైపే ఎందుకు తవ్వారు? మా ఇంట్లోనూ అడిగారు. కితాబుల్లో జవాబ్ ఉంది, కానీ కంటికి ఆనదు.

1950, 60 దశకాల్లో అమెరికా జియలాజికల్ సర్వే, సౌదీ హుకూమత్, అరాంకో కలిసి విమానం ఫోటోల ఆధారంగా హిజాజ్ నక్షాలు తయారు చేశాయి. స్కేలు 1:500,000. అంటే కాగితం మీద సెంటీమీటరు, నేల మీద 5 కిలోమీటర్లు. అందులో మదీనా దగ్గర మొదలై మక్కా దిశగా దాదాపు 300 కిలోమీటర్లు పరుచుకున్నది హర్రతు రహాత్. హర్రా అంటే జ్వాలాముఖి లావా చల్లారి మిగిలిన నల్లరాళ్ల నేల. ఒంటెలకే కష్టం, ఇక గుర్రాల ఫౌజ్ మాటేమిటి! శహర్‌కి తూర్పున ఒక హర్రా, పడమర ఒక హర్రా, దక్షిణాన ఖర్జూర తోటలు. ఖాళీగా ఉన్నది ఉత్తరమే. హిజ్రీ 5లో హజ్రత్ సల్మాన్ ఫార్సీ (ర) మష్వరాతో తవ్విన ఖందక్ ఆ రెండు హర్రాలనూ కలిపిన గీత. ఇంతే జవాబ్!

హుజూర్ (స) మదీనా హరమ్‌కి హద్దుగా చెప్పినవీ ఈ రెండు నల్ల నేలలే. హదీసులో లాబతైన్ అని చదువుతాం, దాటిపోతాం.

హిజ్రీ 654లో, అంటే 1256లో, ఈ హర్రతు రహాతే మళ్లీ నిప్పు కక్కింది. ముందు జల్జలాలు, తర్వాత 52 రోజులు లావా. దాదాపు 23 కిలోమీటర్లు పారి, అల్లాహ్ రహమ్‌తో శహర్‌కి ఇవతలే ఆగింది. మదీనా నుంచి వెళ్లిన ఖత్‌లను దిమిష్క్‌లో అబూ షామా తన తారీఖ్‌లో రాసిపెట్టారు.

ఫోను మ్యాప్ ఉందిగా అంటారు కొందరు. అందులో కనిపించేవి హోటళ్లు, రోడ్లు. హర్రా మీద ఇప్పుడు మొహల్లాలు లేచాయి. పాత నక్షాలో శహర్ చిన్నది, నేల పెద్దది. సహాబా నడిచిన జమీన్ అర్థం కావాలంటే నాకు అదే మేలు. ఉమ్రా నుంచి ఖజూర్, జమ్‌జమ్ తెచ్చుకుంటాం. నేల ఎలా ఉందని అడిగితే ఏసీ బస్సు గురించి చెబుతాం.

ఆ సర్వే సైట్‌లో ఈ నక్షాలు ముఫ్త్‌గా దొరుకుతాయి. జల్సాలకి అన్ని ఫ్లెక్సీలు వేయించే కమిటీలు మక్తబ్ గోడకి ఇదొకటి వేయిస్తే పెద్ద ఖర్చేమీ కాదు.