మే నెలలో తొమ్మిదో నెల

హైదరాబాద్ పాతబస్తీలోని బహదూర్‌పురాలో ఎండాకాలానికి అందరికంటే ముందు సిద్ధమయ్యేది జూ పార్కు. ఎండలు ముదరకముందే అక్కడ స్ప్రింక్లర్లు తిరగడం మొదలవుతుంది. జంతువుల గదుల దగ్గర కూలర్లు పెడతారు, తడిపిన గోనెపట్టాలు కడతారు. తాగే నీళ్లలో గ్లూకోజు, తిండిలో పుచ్చకాయ ముక్కలు చేరతాయి. 1963లో తెరిచిన నెహ్రూ జూలాజికల్ పార్కులో ఇది ఏటా జరిగే పని, ఏటా పత్రికల్లో ఫొటోలతో వచ్చే వార్త. అక్కడి సిబ్బందిని మనసారా మెచ్చుకోవాలి. ఏ ప్రాణికి ఏ వేళలో నీడ కావాలో, ఎంత నీరు కావాలో ముందుగానే లెక్క వేసుకుంటారు.

ఆ ప్రహరీకి ఇవతల కిషన్‌బాగ్, తాడ్‌బన్, హసన్‌నగర్, కాలాపత్తర్ గల్లీల్లో నెలలు నిండిన ఆడవాళ్లు ఉన్నారు. వాళ్ల కోసం అలాంటి లెక్క కనిపించదు.

నిజానికి ఆ లెక్క వేయడం చాలా తేలిక. వడగాడ్పులు వీచినప్పుడు ఏ కూలీ ఏ రోడ్డు మీద కళ్లు తిరిగి పడిపోతాడో ముందుగా ఎవరూ చెప్పలేరు. గర్భిణి సంగతి అలా కాదు. ఆగస్టు 1న చివరి నెలసరి వచ్చిన మహిళకు ప్రసవ తేదీ మే 8. పన్నెండు వారాల్లోపు పేరు నమోదు చేయించాలని ఆరోగ్యశాఖే చెబుతోంది కాబట్టి అక్టోబరు నెలాఖరుకల్లా ఆమె పేరు, గల్లీ, ప్రసవ తేదీ ఆశా కార్యకర్త రిజిస్టరులోకి ఎక్కుతాయి. 2017 జూన్ 3న పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రిలో కేసీఆర్ కిట్ పథకం మొదలైనప్పటి నుంచి, విడతలవారీగా డబ్బు వేయడానికి గర్భిణుల వివరాలు కంప్యూటరులో ఎక్కించడమూ అలవాటైంది. అంటే రాబోయే మే ఎండల్లో ఎవరు ఎనిమిదో నెలలో ఉంటారో, ఎవరు తొమ్మిదిలో ఉంటారో సంక్రాంతి నాటికే ప్రభుత్వానికి పేర్లతో సహా తెలుసు. ఎండ ముప్పు గురించి ఇంత ముందుగా, ఇంత కచ్చితంగా తెలిసే సందర్భం మరొకటి లేదు. తెలిసీ ఆ జాబితాను వేసవి పనికి వాడుకోకపోవడం బాధ కలిగిస్తుంది.

ఎండాకాలం జాగ్రత్తల ప్రకటనల్లో ‘వృద్ధులు, చిన్నపిల్లలు, గర్భిణులు’ అని ఒకే వరుసలో రాసి వదిలేస్తుంటారు. గర్భిణి ఒంట్లో జరిగేది మాత్రం వేరు. కాన్పు దగ్గరపడేసరికి ఒంట్లో రక్తం మామూలుకంటే దాదాపు సగం పెరుగుతుంది, గుండె కూడా ఎక్కువ పనిచేయాలి. బిడ్డ ఒంట్లో పుట్టే వేడి కూడా తల్లి ఒంటి మీదుగానే బయటికి పోవాలి. ఎండ పెరిగినప్పుడు ఒళ్లు చల్లబరుచుకోవడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, మాయ ద్వారా బిడ్డకు అందేది తగ్గే ప్రమాదం ఉంది. చెమటతో నీరు పోయి ఒళ్లు ఎండితే గర్భసంచి బిగుసుకుంటుంది. నొప్పులేమోనని అర్ధరాత్రి ఆటో ఎక్కాల్సి వస్తుంది. కొన్నిసార్లు అవి నిజంగానే నెలలు నిండని కాన్పు నొప్పులవుతాయి. కాళ్లవాపు, మూత్రంలో మంట, నిద్ర లేకపోవడం సరేసరి.

దీన్ని కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. 27 దేశాల్లో జరిగిన 70 అధ్యయనాలను కలిపి పరిశీలించిన వ్యాసం 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే నెలలు నిండని కాన్పుల ముప్పు, మృతశిశువు పుట్టే ముప్పు రెండూ సుమారు ఐదేసి శాతం పెరుగుతున్నాయని అందులో తేలింది. తమిళనాడులో చెన్నైలోని శ్రీరామచంద్ర విద్యాసంస్థ పరిశోధకులు 800 మంది గర్భిణులను గమనించి 2024లో ఫలితాలు ప్రకటించారు. వేడిలో పనిచేసిన గర్భిణుల్లో గర్భస్రావాల ముప్పు మిగతావారికంటే రెట్టింపు ఉంది. వాతావరణ ప్రణాళికల్లో గర్భిణులను పట్టించుకోవడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, ఐక్యరాజ్యసమితి జనాభా నిధి కలిసి 2023 నవంబరులో హెచ్చరించాయి.

బహదూర్‌పురా ఆడవాళ్లు పొలాల్లో లేరు కదా, ఇంటిపట్టునే ఉంటారు కదా అనిపించవచ్చు. ఆ ఇళ్లలోకి ఒకసారి తొంగిచూడాలి. కింద రెండు గదులు, వాటి మీద మేడ, ఆ మేడ మీద రేకులేసిన ఒక గది. అద్దె తక్కువ కాబట్టి కొత్త కాపురాలు ఆ రేకుల గదిలోకే చేరతాయి. పక్కన నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు. మధ్యాహ్నం పన్నెండు దాటితే ఆ నీళ్లతో మొహం కూడా కడుక్కోలేరు. ఫ్యాను తిప్పేది రేకుల కింది వేడిగాలినే. రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి వేస్తే పగటి ఎండ తెలుస్తుంది. నిండు కడుపుతో వెల్లకిలా పడుకోలేరు, డాక్టరు చెప్పినట్టు ఎడమవైపు ఒత్తిగిలి పడుకుంటే పరుపు ఒంటికి అంటుకుపోయి చెమట ఆరదు.

పైగా ఇంటిపట్టున ఉండటమంటే ఖాళీగా ఉండటం కాదు. లాడ్‌బజార్‌లో తళుక్కుమనే లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గాజుల్లో చాలావాటికి పుట్టినిల్లు పాతబస్తీ గదులే. బొగ్గుల కుంపటి మీద లక్క ముద్దను మెత్తబరచి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, మెత్తగా ఉన్నప్పుడే రాళ్లు ఒక్కొక్కటిగా అద్దాలి. లక్క చల్లారితే రాయి కూర్చోదు, కాబట్టి కుంపటి పక్కనుంచి లేవడానికి వీలుండదు. చేసినన్ని గాజులకే కూలి. ఎనిమిదో నెల వచ్చిందని ఆ కూలి వదులుకునే స్తోమత అందరికీ ఉండదు. పండగల ముందు, పెళ్లిళ్ల రోజుల్లో గిరాకీ ఎక్కువ. మన పెళ్లిళ్లు ఎక్కువగా జరిగేది ఎండాకాలంలోనే.

ఇక ఆసుపత్రి ప్రయాణం. ఏడో నెల వరకు నెలకొకసారి వెళ్తే సరిపోతుంది. ఆ తర్వాత పక్షానికొకసారి, చివరి నెలలో వారం వారం వెళ్లాలి. అడుగు తీసి అడుగు వేయడం కష్టమైన రోజుల్లోనే తిరుగుడు ఎక్కువ. ఉదయం ఓపీ చీటీ, తర్వాత బరువు, బీపీ, రక్తపరీక్ష, స్కానింగ్, మందుల కిటికీ. ఒక్కోచోట ఒక్కో వరస. అన్నీ ముగించుకుని ఫైలు తలకు అడ్డం పెట్టుకుని గేటు దాటేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు ఖర్చు తప్పింది. బస్సు వచ్చేదాకా నిలబడే ఎండ తప్పలేదు. గర్భిణుల కోసం కేంద్రం 2016లో మొదలుపెట్టిన ఉచిత పరీక్షల కార్యక్రమం ప్రతి నెలా తొమ్మిదో తారీఖున జరుగుతుంది. తేదీ గుర్తుండటం మంచిదే. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో మాత్రం ఆ రోజు పొద్దున ఏడింటికి మొదలై పదిన్నరకల్లా ముగియాలి.

మార్చి నడిమికి బడులు ఒంటిపూట అవుతాయి. ఎండలో ఆరేళ్ల పిల్లాడు తిరగకూడదని ప్రభుత్వం ఎప్పుడో ఒప్పుకుంది. ఆ పిల్లాడి తమ్ముడినో చెల్లెలినో మోస్తున్న తల్లికి ఒంటిపూట ఆసుపత్రి ఎందుకు ఉండకూడదు? డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ సిబ్బంది వేళలు మారాలి, అది చిన్న విషయం కాదన్నది నిజమే. కానీ మూడు నెలలకే ఆ మార్పు, అదీ గర్భిణుల ఓపీ వరకే. బడి టీచర్ల విషయంలో కుదిరినది ఇక్కడా కుదురుతుంది. పొద్దున్నే ఖాళీ కడుపుతో రావాల్సిన రక్తపరీక్షలకు ఆ వేళే మేలు కూడా.

అంగన్‌వాడీ భోజనం సంగతీ ఇంతే. 2015 జనవరి 1 నుంచి అమలవుతున్న ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణికి ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. కేంద్రానికి వచ్చి అక్కడే తినాలి. ఎంతో ఆలోచించి పెట్టిన నియమం అది. ఇంటికి తీసుకెళ్తే గుడ్డు పిల్లల కంచంలోకో, మగవాళ్ల కంచంలోకో పోతుందని పథకం రాసినవాళ్లకు తెలుసు. 2025 మే నెలలో అంగన్‌వాడీలకు నెలంతా సెలవిచ్చి, సరుకు ఇంటికి ఇచ్చే పద్ధతి తెచ్చారు. ఎండ నుంచి కాపాడాలన్న ఉద్దేశం మంచిదే, కానీ గుడ్డు మళ్లీ నలుగురి మధ్యకు వచ్చింది. అంతకంటే పొద్దున తొమ్మిదిన్నరకు వండి పెట్టి, మజ్జిగ, రాగి జావ, ఓఆర్‌ఎస్ పొట్లం చేతికిచ్చి పదిన్నరకల్లా ఇంటికి పంపడం మేలు.

తెలుగు ఇళ్లకు ఈ నెలల లెక్క కొత్త కాదు. కొత్త కోడలిని ఆషాఢంలో పుట్టింటికి పంపడానికి పెద్దలు చెప్పే కారణాల్లో ఇదొకటి. ఆషాఢంలో నెల తప్పితే కాన్పు చైత్రంలో వస్తుంది, పచ్చి బాలింత, పసిగుడ్డు వైశాఖపు ఎండల్లో అల్లాడతారు. ఆచారంగా దాన్ని ఎవరెలా చూసినా, అందులోని గమనింపు గట్టిది. కానీ అది కొత్త జంటకే, అదీ ఒక్క ఏడాదికే. రెండో కాన్పును, మూడో కాన్పును ఆషాఢం ఆపదు.

అదే పెద్దరికం కాన్పు తర్వాత హాని చేస్తున్న ఇళ్లూ ఉన్నాయి. బాలింతకు గాలి సోకకూడదని కిటికీలు మూస్తారు, చెవులకు గుడ్డ కడతారు, నీళ్లు తక్కువ తాగమంటారు. చలికాలంలో ఎలాగో గడిచిపోయే ఈ పద్ధతి రోహిణి కార్తెలో ప్రమాదం తెస్తుంది. హైదరాబాద్ చరిత్రలో అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు నమోదైంది 1966 జూన్ 2న, ఆ కార్తెలోనే. పాలిచ్చే తల్లికి నీళ్లు మామూలుకంటే ఎక్కువ కావాలి. పసిబిడ్డకు ఒంటి వేడిని తనంతట తాను తగ్గించుకోవడం ఇంకా చేతకాదు, మాటిమాటికీ తల్లిపాలు పట్టాలి, గుడ్డలు వదులు చేయాలి. ఉపవాసాల సంగతీ చూడాలి. 2018 నుంచి 2021 దాకా రంజాన్ నడివేసవిలో వచ్చింది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఉపవాసం మానుకోవచ్చని ఇస్లాం మినహాయింపు ఇచ్చినా, ఇంటిల్లిపాదీ రోజా ఉన్నప్పుడు తానొక్కతే ఎలా తినాలని మొహమాటపడే కోడళ్లు ఉంటారు. ఇలాంటిచోట మసీదు మైకులో ఇమాం చెప్పే ఒక్క మాట నూరు కరపత్రాలకంటే ఎక్కువ పనిచేస్తుంది. రంజాన్ ఇప్పుడు చలికాలం చివరికి జరిగింది. మైకు మాత్రం వేసవిలోనూ ఉంది. తల తిరగడం, మూత్రం ముదురు పసుపు కావడం, బిడ్డ కదలిక తగ్గడం, పొట్ట పదేపదే బిగుసుకోవడం కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలని, 102 వాహనానికి ఫోన్ చేయాలని దక్కనీ ఉర్దూలో చెబితే ప్రతి ఇంటికీ చేరుతుంది.

కట్టడాల విషయంలో అహ్మదాబాద్ అనుభవం చూడదగ్గది. 2010 మే వడగాడ్పుల్లో అక్కడి ఒక ఆసుపత్రిలో ఎండ దెబ్బతో చేరిన నవజాత శిశువుల వివరాలను వైద్యులు పరిశీలించారు. ప్రసూతి వార్డు పై అంతస్తులో, ఎండకు కాగే కప్పు కింద ఉన్నప్పుడు పసిపిల్లలు ఎక్కువగా జబ్బుపడ్డారు. వార్డును కింది అంతస్తుకు మార్చాక ఆ సంఖ్య బాగా తగ్గింది. కొత్త యంత్రాలేవీ లేవు, మంచాలు కిందికి దించారంతే. 2013లో ఆ నగరం దేశంలోనే తొలి వేసవి కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది. 2015లో తెలంగాణలో ఐదు వందలకు పైగా ప్రాణాలు పోయాక 2016లో మనకూ ప్రణాళిక వచ్చింది. 2025 ఏప్రిల్‌లో వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల పరిహారం నిర్ణయించారు. కడుపులోనే చనిపోయిన బిడ్డ, ఏడో నెలలోనే పుట్టి ఇంక్యుబేటరులో ఉన్న బిడ్డ ఆ వడదెబ్బ లెక్కలోకి రారు.

ఇళ్ల కప్పులకు మందు మన దగ్గరే ఉంది. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో పాతిక పేద ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూస్తే లోపలి వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రం కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి. అంతకంటే చిన్న ఇళ్లకు ఇష్టమైతేనే. రేకుల గదులున్నవి ఆ చిన్న ఇళ్లే, వాటిలో ఉండేది అద్దెకున్నవాళ్లే. యజమాని ఖర్చు పెట్టడు, అద్దెకున్నవారికి హక్కు లేదు. ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలి. పేరు, గల్లీ, ప్రసవ తేదీ చేతిలో ఉన్నప్పుడు ఏ కప్పుకు ముందు తెల్లరంగు వేయాలో తర్జనభర్జన అక్కర్లేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం బహదూర్‌పురా ఆశా కార్యకర్తలందరినీ రిజిస్టర్లతో కూర్చోబెట్టాలి. ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 లోపు ప్రసవ తేదీ ఉన్న పేర్లు వేరుగా రాయించాలి. రేకుల ఇల్లు, పై అంతస్తు, కుంపటి పని, ఇంట్లో తోడు లేకపోవడం, వీటిలో ఏది ఉన్నా ఆ పేరు పక్కన గుర్తు పెట్టాలి. మార్చిలో ఆ కప్పులకు తెల్లరంగు, ఏప్రిల్ నుంచి ఉదయం ఓపీ, వారానికొకసారి ఆశా తలుపు తట్టి బీపీ చూడటం, నడిరోజులో ఆసుపత్రికి పోవాల్సి వస్తే వాహనం. ఈ పనికి అదనంగా వచ్చే తిరుగుడుకు ఆశా కార్యకర్తకు వేరే పారితోషికం ఇవ్వాలి, ఎందుకంటే ఎండలో నడిచేది ఆమే. జూలైలో ఆ జాబితా మళ్లీ తెరిచి, ప్రతి పేరు ఎదురుగా బిడ్డ ఎన్నో వారంలో పుట్టింది, ఎంత బరువుతో పుట్టింది రాయాలి. పేర్లు తీసేసి ఆ అంకెలను పక్క మండలం అంకెలతో కలిపి అందరి ముందూ పెట్టాలి.