కూర్పులోనే ఉంది బలం

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని తెలుగువారి సామెత. పన్నెండు కత్తులను ఒకే ఒరలో దూర్చబోతే ఏమవుతుందో 2004లో ఏథెన్సు ఒలింపిక్ క్రీడలలో అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు లోకానికి చూపించింది.

అమెరికా వృత్తి క్రీడాకారులు 1992లో తొలిసారిగా ఒలింపిక్సులో అడుగుపెట్టిన నాటినుండి అప్పటివరకు ఆ జట్టుకు ఓటమి లేదు. అలెన్ ఐవర్సన్, టిమ్ డంకన్ వంటి ఉద్దండులు, లెబ్రాన్ జేమ్స్ వంటి నవయువకులు అందులో ఉన్నారు. అయినా తొలి ఆటలోనే పోర్టోరికో 92–73తో ఓడించింది. ప్రత్యర్థులు బుట్ట చుట్టూ కోట కట్టి నిలువగా, అమెరికన్లు దూరం నుండి విసిరిన 24 బంతులలో మూడే బుట్టలో పడ్డాయి. చొచ్చుకుపోయే శూరులు ఎందరో. గురితప్పక దూరం నుండి వేసేవారే కరవు. చివరకు ఆ జట్టుకు దక్కినది కాంస్యం. స్వర్ణం అర్జెంటీనాకు పోయింది. జినోబిలి, స్కోలా వంటి ఆ దేశపు ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి కలిసి ఆడినవారు.

ఆ కాంస్యమే ఇందులోని సూత్రాన్ని చెబుతుంది. రాగి మెత్తనిది, తగరం మరింత మెత్తనిది. రాగిలో సుమారు పదోవంతు తగరం కలిస్తే రెండింటికన్న గట్టిదైన కంచు పుడుతుంది. తగరపు పరమాణువులు పెద్దవి. అవి రాగి వరుసల నడుమ చేరి, పొరలు ఒకదానిపై ఒకటి జారకుండా అడ్డుకొంటాయి. భిన్నత్వమే బలమన్నమాట. అయితే తగరం నాలుగోవంతుకు చేరితే లోహం పెళుసై విరుగుతుంది. పాళ్ళు ముఖ్యం.

2014లో రోడెరిక్ స్వాబ్ బృందం ఇటువంటి విషయాన్నే అంకెలలో వెదికింది. బాస్కెట్‌బాల్‌లో మేటి ఆటగాళ్ళ పాలు ఒక హద్దు దాటితే సమన్వయం దెబ్బతిని ఫలితం తగ్గుతుందనీ, ఒకరిపై ఒకరు అంతగా ఆధారపడని బేస్‌బాల్‌లో అట్లా జరగదనీ వారు తేల్చారు. ఆ తగ్గుదలను తరువాత కొందరు పరిశోధకులు ప్రశ్నించారు. అయినా ఐదుగురికి బంతి ఒక్కటేనన్న సత్యం మారదు.

అట్లాగని మేటివారు అక్కరలేదనడం పొరపాటు. 2023 ప్రపంచ కప్పుకు అగ్రతారలు లేకుండా వెళ్ళిన అమెరికా నాలుగో స్థానంలో నిలిచింది. 2024లో పారిస్‌లో సెర్బియాపై సెమీఫైనల్ 95–91తో గట్టెక్కినది స్టెఫెన్ కర్రీ 36 పాయింట్ల పుణ్యమే. సరియైన మార్గం 2008లో బీజింగ్‌లో కనిపించింది. కోబీ బ్రయంట్ వంటి మేటి ప్రత్యర్థులను అడ్డుకొనే పనిని తలకెత్తుకొన్నాడు. జేసన్ కిడ్ తాను పాయింట్లు చేయడంకన్న ఇతరులచేత చేయించడమే పనిగా పెట్టుకొన్నాడు. స్వర్ణం తిరిగి వచ్చింది.

కనుక ఎంపిక సంఘాలు పేర్ల జాబితాకు ముందు పనుల జాబితా వ్రాసుకోవాలి. దూరం నుండి వేసేదెవరు, అడ్డుకొనేదెవరు, బంతిని అందించేదెవరు? ఆ పిమ్మటనే కీర్తిని చూడాలి.

ఈ మాట మన ఇళ్ళకూ వర్తిస్తుంది. బడి జట్టులో ఆడివచ్చిన బిడ్డను “ఎన్ని పాయింట్లు చేశావు?” అని అడగడం తల్లిదండ్రులకు అలవాటు. “నీవందించిన బంతితో ఎవరు చేశారు?” అని కూడా అడిగిననాడు, ఆ బిడ్డ రేపు ఏ ప్రయోగశాలలోనైనా, ఏ సంఘంలోనైనా పదిమందితో కలిసి పనిచేయగలుగుతుంది.