చేపకీ ఆటగాడికీ ఒకే పాటా?

ఉప్పాడ ఒడ్డున తెల్లారేసరికి పాట మొదలవుద్ది. వేలం పాట. పడవలోంచి దింపిన చేపని ఇసక మీద పోస్తారు. చుట్టూ బేరగాళ్ళు మూగుతారు. ఒకడు అయిదొందలంటాడు, ఇంకొకడు ఆరొందలంటాడు. రాత్రంతా సముద్రంలో వల లాగినవాడు మాత్రం చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. అడ్వాన్సు తిన్న పడవైతే ఆ మాత్రం పాట కూడా ఉండదు. పెట్టుబడి పెట్టినవాడికే సరుకు, వాడు చెప్పిందే రేటు. మగ్గం గుంటలో కూచున్నవాడి సంగతీ అంతే. ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మురిసిపోయాం. నూలూ జరీ ఇచ్చి నేయించుకునే షావుకారు మజూరీ ఎంతో ఇప్పటికీ తనే చెబుతున్నాడు. గుర్తింపు చీరకొచ్చింది, నేసే చేతికి రాలేదు.

ఇప్పుడు ఈ అడ్వాన్సు మన పేటలోకి ఇంకో దారిన వచ్చింది. ఆట దారిన.

మన పేటలో ఒక కుర్రాడున్నాడు. పేరు రాయం. పదిహేడేళ్ళు. చెడుగుడులో కూతకెళ్ళాడంటే అవతలి ఏడుగురూ వెనక్కి జరగాల్సిందే. తల్లి రొయ్యల ఫ్యాక్టరీలో తలలు ఒలిచే కూలి. ఆమె దగ్గరికి పట్నం నుంచి ఒక ఏజెంటు వచ్చాడు. అయిదు పేజీల ఇంగ్లీషు కాగితం తెచ్చాడు. చేతిలో నలభై వేలు పెడతానన్నాడు. ఆమె డబ్బు ముట్టుకోకుండా కాగితం పట్టుకుని మా దగ్గరికొచ్చింది. "ఏవండీ, ఇందులో ఏటి రాసుందో కాస్త సదివి సెప్పండి. నేను ఏలుముద్రేస్తే నా కొడుకు ఎవరోడవుతాడు?"

ఇంత సూటిగా అడిగినవాళ్ళని ఈ మధ్య మేం చూడలేదు.

చదివాం. మూడేళ్ళు వాళ్ళు చెప్పిన జట్టుకే ఆడాలి. ఆ తర్వాత నాలుగేళ్ళు కూడా, ఏ జట్టు పిలిచినా ముందు వీళ్ళని అడగాలి. ఏడేళ్ళూ కుర్రాడు సంపాదించే ప్రతి వందలో ముప్పై ఏజెంటుకి. గెలిచిన బహుమతి డబ్బు మేనేజరు చేతికి. దెబ్బ తగిలితే "కంపెనీకి బాధ్యత లేదు". జట్టు నుంచి తీసెయ్యటానికి వాళ్ళకి ఒక్కరోజు చాలు, కుర్రాడు బయటికి రావాలంటే తీసుకున్న సొమ్ముకి నాలుగింతలు కట్టాలి. మన తాతలు ఏడాదికింత ధాన్యమని నోటి మాటతో పాలేర్లుగా కుదిరారు. వాళ్ళకైనా సంవత్సరం తిరిగేసరికి ఇంకో కామందుని వెతుక్కునే వీలుండేది. ఈ పాలేరుతనం ఇంగ్లీషులో ఉంది, ఏడేళ్ళుంది.

ఈ సంగతి పైకి వచ్చేసరికి రెండు వైపుల నుంచీ తిట్లు తిన్నాం. ఊరి పెద్దలు "వచ్చిన లక్ష్మిని కాలదన్నుతారా? కుర్రాడి నోటికాడ కూడు తీస్తున్నారు" అన్నారు. వాళ్ళ సంగతి సరే. మనవాళ్ళే కొందరు, "కారంచేడు, చుండూరు చూసిన ఉద్యమం ఇది. భూమి ఉంది, కూలి ఉంది, శ్మశానానికి దారి లేదు. అవి వదిలి ఆటల గొడవేంటి?" అన్నారు. ఈ రెండో మాటకే ఇక్కడ జవాబు చెప్పదలిచాం. కాగితం మీద ఉన్నది కూలి. జట్టుకి ఎవడు నాయకుడన్నది పెత్తనం. కూలీ, పెత్తనం మన గొడవలు కాకపోతే ఇంకేవి మన గొడవలు?

పెత్తనం సంగతి ముందు చూద్దాం. పల్వంకర్ బాలూ పేరు మన పిల్లలకి ఏ బడిలో చెబుతున్నారు? చమార్ కులంలో పుట్టాడు. పూనాలో దొరల క్లబ్బులో మైదానం చదును చేసే పనివాడు. ఎడమచేత్తో బంతి తిప్పితే ఆడగలిగినవాడు లేడు. హిందూ జట్టుకి అతని బంతి కావాల్సొచ్చింది. మైదానంలో అతను ముట్టుకున్న బంతినే అందరూ ముట్టుకునేవారు, టీ మాత్రం బయట విడిగా మట్టి ముంతలో పోసేవారు. 1911లో ఇంగ్లండు వెళ్ళిన జట్టులో 114 వికెట్లు తీశాడు. ఆ జట్టుకి కెప్టెను ఎవరు? పటియాలా మహారాజు. తిరిగొచ్చాక హిందూ జట్టుకైనా కెప్టెన్ని చేశారా? ఒక్కసారీ చెయ్యలేదు. 1920లో తమ ఇంటిని పక్కకు నెట్టినప్పుడు తమ్ముళ్ళు విఠల్, శివరామ్ ఆడబోమని జట్టులోంచి బయటికొచ్చేశారు. వాళ్ళు చేసింది సమ్మె. ఆ పోరు వల్లే 1923లో విఠల్ హిందూ జట్టుకి కెప్టెనయ్యాడు. కెప్టెన్సీ ఎవరూ జాలిపడి ఇవ్వలేదు. (ఇదే బాలూ 1937 ఎన్నికల్లో కాంగ్రెసు తరఫున బాబాసాహెబ్ మీద పోటీచేసి ఓడాడు. అది కూడా చెప్పాలి. మనవాడి ఆటకి దణ్ణం పెడతాం, రాజకీయానికి పెట్టం.)

ఇటు మన విజయనగరం సంస్థానం ఇంటివాడిని చూడండి. మహారాజ్‌కుమార్ విజ్జీ. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకి ఆయనే కెప్టెను. మూడు టెస్టుల్లో కలిపి కొట్టిన పరుగులు 33. ఆ జట్టులోనే సి.కె. నాయుడున్నాడు. నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు, 1932లో మన మొదటి టెస్టుకి కెప్టెన్సీ చేసినవాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి విజ్జీ కింద ఆడాల్సొచ్చింది. బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని మొదటి టెస్టు కూడా ఆడనివ్వకుండా ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. ఆటొచ్చినవాడికి ఓడ టిక్కెట్టు, డబ్బున్నవాడికి కెప్టెన్సీ. పోనీ ఆ యాత్రలో విజ్జీకి ఏం దక్కిందంటారా? దొరలు సర్ బిరుదిచ్చారు.

రాజులు పోయారుగా, ఇప్పుడలా జరుగుద్దా అంటారేమో. మనకి పాతిక కిలోమీటర్ల లోపు కాకినాడ. అక్కడ 1993లో పుట్టినవాడు హనుమ విహారి. దేశానికి 16 టెస్టులు ఆడాడు. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసి పరిగెత్తలేకపోయినా 161 బంతులు అడ్డుకుని మ్యాచ్ నిలబెట్టాడు. 2023లో మధ్యప్రదేశ్ మీద మణికట్టు విరిగితే ఎడమచేతి వాటంగా నిలబడి ఒంటిచేత్తో బ్యాటు పట్టాడు. అలాంటివాడు 2024 జనవరిలో ఒక్క మ్యాచ్ అయ్యేసరికి ఆంధ్ర కెప్టెనుగా లేడు. ఫిబ్రవరి 26న ఆయనే రాశాడు: జట్టులో పదిహేడో ఆటగాడి మీద అరిచానని, అతను రాజకీయ నాయకుడైన తండ్రితో చెప్పుకున్నాడని, ఆ తండ్రి సంఘంవాళ్ళని చర్య తీసుకోమన్నాడని, ఇక ఆంధ్రకి ఆడనని. ఆ ఆటగాడు అదంతా అబద్ధమన్నాడు. మేం ఆ గదిలో లేం, ఎవరేమన్నారో తేల్చలేం. కానీ జట్టులోవాళ్ళు విహారే కెప్టెనుగా కావాలని సంతకాలు పెట్టి ఉత్తరమిచ్చారు. ఆ సంతకాలకి విలువ లేకపోయింది. అదే ఏడాది రాష్ట్రంలో ప్రభుత్వం మారాక విహారి ఆంధ్రకి తిరిగొచ్చాడు, 2025లో త్రిపురకి వెళ్ళిపోయాడు. ఓట్ల పెట్టె గాలికి కెప్టెన్సీ ఊగితే అది ఆటెలా అవుద్ది? పదహారు టెస్టులు ఆడినవాడి గతే అదైతే, ఏ నాయకుడికీ కొడుకు కాని మన పేట కుర్రాడు ఎవరి మీద అరవగలడు?

మన దగ్గరా ఇదే. సంక్రాంతి పోటీల్లో మన జట్టుకి ఆడే ఏడుగురిలో అయిదుగురు పేటవాళ్ళు. కెప్టెను మాత్రం బనియన్లు కుట్టించిన దాతగారబ్బాయి. పోయినేడు ఆ అబ్బాయి ఒక్క కూతకీ వెళ్ళలేదు. కప్పు తీసుకోవటానికి మాత్రం వెళ్ళాడు.

ఇక కూలి సంగతి. ప్రో కబడ్డీ 2014లో మొదలైంది. అప్పటి వేలంలో అందరికంటే ఎక్కువ పలికిన రాకేశ్ కుమార్ ధర 12 లక్షల 80 వేలు. 2023లో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొని కెప్టెన్ని చేసింది. ఆ సీజన్‌లో టైటాన్స్ పన్నెండు జట్లలో అట్టడుగున నిలిచింది. పవన్ చెడ్డ ఆటగాడని మేం అనటం లేదు. ఒకడు కూతకెళ్ళి పాయింట్లు తెస్తే, మూలల్లో కాళ్ళు పట్టేవాళ్ళూ మధ్యలో అడ్డుకునేవాళ్ళూ లేకపోతే ఆట నిలవదని ఇసకలో ఆడిన ఏ పిల్లోడైనా చెబుతాడు. ఎక్కువ ధర పలికినవాడే నాయకుడన్నది బేరగాడి లెక్క, ఆటగాడి లెక్క కాదు.

ఇంకొకటి గమనించండి. 2022లో ఇదే పవన్‌ని తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకి కొంది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతింది, సీజనంతా పోయింది. అయినా మరుసటేడు ధర పెరిగింది. ఎందుకంటే అతనికి పేరుంది, అడిగే నాలుగు జట్లున్నాయి. మన కుర్రాడి మోకాలు పోతే? "కంపెనీకి బాధ్యత లేదు" అన్న ఆ ఒక్క లైను మీదే తల్లి రొయ్యల కూలితో ఆపరేషను చేయించాలి.

క్రికెట్లో కోట్లు చూసి కళ్ళు తిరుగుతున్నాయా? లెక్క చూడండి. ఐపీఎల్ టీవీ, ఫోను ప్రసారాల హక్కులు 2023 నుంచి 2027 దాకా అయిదేళ్ళకి 48,390 కోట్లకి అమ్మారు. ఏడాదికి 9,678 కోట్లు. 2025 ఆటకి ఒక్కో జట్టు ఆటగాళ్ళ మీద పెట్టగల హద్దు 120 కోట్లు. పది జట్లకి 1,200 కోట్లు. మ్యాచ్ ఫీజులని జట్టుకి ఇంకో 12 కోట్ల 60 లక్షలు కలిపినా ఆ వందలో ఆటగాళ్ళకి పద్నాలుగు రాదు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగులో వచ్చే రాబడిలో సగం దాకా ఆటగాళ్ళది. వాళ్ళేం మనకంటే మంచి యజమానుల్ని మొక్కుకుని తెచ్చుకోలేదు. వాళ్ళకి సంఘముంది, సంఘం కూచుని బేరమాడుద్ది. మన దగ్గర 2019లో భారత క్రికెటర్ల సంఘం పెట్టారు, అది ఆట మానేసినవాళ్ళకి మాత్రమే. ఆడుతున్నవాడు నోరెత్తటానికి చోటే లేదు.

రంజీ ఆడేవాళ్ళు ఏమిటో తెలుసా? దినకూలీలు. 2021లో పెంచిన రేటు రోజుకి 40 వేల నుంచి 60 వేలు. ఎక్కువే, కాదనం. కానీ ఆడిన రోజుకే. కరోనా వల్ల 2020-21లో రంజీ మొదలైన నాటి నుంచి మొదటిసారి ఆగిపోతే ఏ రాష్ట్ర ఒప్పందమూ వాళ్ళని ఆదుకోలేదు. నెలల తర్వాత సగం ఫీజు పరిహారమన్నారు. వేట నిషేధం రోజుల్లో సర్కారు భృతి కోసం చూసే మన గంగపుత్రుల్లాగే వాళ్ళూ ఎదురు చూశారు.

చట్టం ఏమంటుందో మన కార్యకర్తలు రాసిపెట్టుకోండి. 1872 కాంట్రాక్టు చట్టం పదకొండో సెక్షను ప్రకారం పద్దెనిమిది నిండనివాడు ఒప్పందం చేసుకోలేడు. చేసుకుంటే మొదటి నుంచీ చెల్లదని 1903లో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. అమ్మ వేలిముద్ర వేస్తే చెల్లుద్దా? 1949లో బొంబాయి హైకోర్టుకి ఇలాంటిదే వచ్చింది. సినిమాలో వేషం కోసం మైనరు కూతురి తరఫున తండ్రి ఒప్పందం కుదుర్చుకున్నాడు. అదీ చెల్లదంది కోర్టు. సంబరపడకండి. ఆ కేసులో దావా వేసింది ఆ పిల్ల, డబ్బు రాక నష్టపోయిందీ ఆ పిల్లే. అంటే ఈ కాగితం కుర్రాడిని కట్టెయ్యలేకపోవచ్చు, కాపాడనూ లేదు. ఇక ఆ నాలుగేళ్ళ "ముందు మమ్మల్ని అడగాలి" సంగతి. క్రికెటరు జహీర్ ఖాన్‌తో ఒక కంపెనీ మూడేళ్ళ ఒప్పందంలో ఇలాంటి షరతే రాయించుకుంది. గడువు తీరాక అది పనిచెయ్యదని, బతుకుతెరువుకి అడ్డం పెట్టే ఒప్పందాలు ఇరవై ఏడో సెక్షను కింద చెల్లవని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పందం నడిచే మూడేళ్ళూ మాత్రం కట్టడి ఉంటుంది. కాబట్టి ఆ మూడేళ్ళలో ఏముందో తేలాలి.

కుర్రాడు ఆడొద్దని మేం ఎక్కడా అనలేదు. ఆడాలి, డబ్బు సంపాదించాలి, కెప్టెను కావాలి. 2021 ఆగస్టులో భారత అమ్మాయిలు ఒలింపిక్ హాకీ సెమీస్ ఓడితే, హ్యాట్రిక్ కొట్టిన వందనా కటారియా ఇంటి ముందు అగ్రకులస్తులు టపాసులు కాల్చి కులం పేరుతో తిట్టారు. అలాంటి దేశంలో ఆడటానికి వెళ్ళేవాడి చేతిలో కనీసం తెలుగులో రాసిన కాగితమన్నా ఉండాలి.

ఏజెంటుకి కబురు పంపాం. తెలుగు ప్రతి తెమ్మన్నాం. దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు, బీమా ఎవరిదో రాయమన్నాం. ముప్పై ఎందుకో, బహుమతి డబ్బు నేరుగా కుర్రాడి బ్యాంకు ఖాతాలో ఎందుకు పడదో చెప్పమన్నాం. పద్దెనిమిది నిండాక అతనే సంతకం చేస్తాడన్నాం. "ఇన్ని అడిగితే ఇంకో ఊళ్ళో ఇంకో కుర్రాణ్ణి చూసుకుంటా" అన్నాడట. చూసుకుంటాడు. అందుకే ఇది రాస్తున్నాం. కొత్తపల్లిలో, పిఠాపురంలో, కోనసీమలో ఏ పేటకి ఈ కాగితం వచ్చినా ముందు నకలు తీయించి మాకు పంపండి.

సంక్రాంతి జట్టు కెప్టెన్ని ఈసారి ఆడేవాళ్ళే చేతులెత్తి ఎన్నుకున్నారు. బనియన్లు ఇవ్వనని దాతగారు కబురంపారు. చందా పుస్తకం పేటలో తిరుగుతోంది. కుర్రాడి తల్లి యాభై రూపాయలు రాయించింది.